చుట్టుదారి

కిరసనాయిలు డబ్బాను పొట్టకు ఆనించుకుని, పైన కొంగు కప్పుకుని వెంకటశేషమ్మ చెరువుకట్ట ఎక్కింది. వచ్చిన పనేమో పక్షుల్ని బెదరగొట్టడం, నడిచే నడకేమో వాటికి వినపడకుండా. మెట్టెలు రాయికి తగిలి టింగుమంటాయేమోనని కాలివేళ్లు పైకెత్తి మడమల మీద నడుస్తోంది. కాపురానికొచ్చిన మొదటేడు అత్త నేర్పిన నడక అది, ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, మనసు మానుకున్నంత సులువుగా కాళ్లు మానుకుంటాయా! ఛీ, ఇంకా ఎందుకే మీకీ భక్తి అని తన కాళ్లను తానే తిట్టుకుని, తూము పక్కనున్న బండ మీద కూలబడి డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. చేతిలో చింతబరికె ఉంది. జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకల్ని తోలే డబ్బా ఇదే, బరికె ఇదే. చేలో ఎంత మోగినా పాపం లేదు. కట్ట మీదికి మాత్రం ఈ ఊరు పుట్టినప్పటి నుంచీ ఎవరూ తెచ్చి ఉండరు. పొద్దు ఇంకా బారెడుంది. ఎదురుగా నీళ్లలో మొలబంటి మునిగి కడపచెట్లు, వాటి కొమ్మల్లో నిరుటి గూళ్లు పుల్లలు రాలిపోయి, పాత గంపల్లాగా, సున్నం చల్లినట్టు తెల్లగా. ఎండిన రెట్ట వాసన, పాచి వాసన, ఎక్కడో తడిసిన గడ్డి వాసన. ఈ వాసన కోసం ఒకప్పుడు ముక్కు ఎగరేసేది. కార్తీకమాసం ఇంకా వారం ఉందనగానే వాసన తగుల్తుందయ్యా అని మొగుణ్ణి పిలిచి మరీ చూపించేది, వాసనను చూపించడానికి అదేమన్నా వస్తువా, ఆయన నవ్వేవాడు.

గూడబాతులు వచ్చి నేటికి మూడు రోజులు. మూడు రోజులూ ఆమె తలుపు దాటలేదు. వచ్చినయ్, వచ్చినయ్ అని ఊరంతా పండగలాగా చెప్పుకుంటుంటే చెవిలో సీసం పోసినట్టుంది. వచ్చిన నాలుగైదు రోజులే వాటికి గుండె దిటవు ఉండదు. అద్దె ఇల్లు చూసుకునే కొత్తకాపురం వాళ్లలాగా పగలంతా ఎక్కడెక్కడో చేపలకు పోయి, సాయంత్రానికి వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మ కొమ్మా తొక్కి చూసుకుంటాయి. పుల్ల తెచ్చి గూడు మొదలుపెట్టిన తరవాత ఎవరూ కదిలించలేరు గానీ, ఈ నాలుగు రోజుల్లో ఒక్క సడి అయితే చాలు, ఇంకో చెరువు వెతుక్కుంటాయని అత్త చెప్పేది. అత్తకు వాళ్లత్త చెప్పిందట. ఎప్పుడో తెల్లదొర ఒకడు గుడారం వేసుకుని, పొద్దుపోక తుపాకీ పేలిస్తే, లేచినవి లేచినట్టే తూర్పుకు పోయి మూడేళ్లు మొహం చూపించలేదట. ఆ మూడేళ్లూ చెరువు నెర్రెలు విచ్చిందట, పిల్లల తల్లులకు పాలు ఎండినాయట. నాలుగో ఏడు అవి తిరిగొచ్చిన రోజున ఊరి ఆడవాళ్లంతా చలిమిడి చేసి, పసుపూ కుంకుమా పట్టుకుని, కట్టకు అడ్డంపడి ఏడ్చారట. అప్పటి నుంచీ ఈ ఊళ్లో గూడబాతులంటే పక్షులు కావు, పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపడుచులు. దీపావళికి ఒక్క టపాకాయ పేలదు. పెళ్లిమేళం ఊరి పడమటి కొసనే ఆగిపోతుంది. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా కట్ట మీద బండి తోలరు, ఎంత అవసరమైనా కాలవగట్టు వెంట చుట్టుదారే. పురిటింటి ముందు బండి తోల్తారా ఎవరైనా అనేది అత్త. నిజమే కదా అనుకుంది శేషమ్మ అప్పుడు. నిజమే అనుకున్నది ఒక మాట కాదు, ఒక రోజు కాదు, ఒళ్లంతా అనుకుంది.

నీళ్ల మీద నీటికాకి ఒకటి మునిగి లేచి, మోడు మీదికెక్కి రెక్కలు రెండూ చాపి ఆరబెట్టుకుంటోంది, దండెం మీద నల్లరవికె వేసినట్టు. దాని మెడ మీద చుక్క నీరు పొద్దుకు మెరిసి జారింది. శేషమ్మ చూడకూడదనుకుంది. చూసింది. కండ్లు ఎవరి మాట వింటాయి! ఆమె కండ్లు చిన్నప్పుడే పాడయ్యాయి, తాత పాడుచేశాడు. ప్రళయకావేరి సరస్సు ఒడ్డున పుట్టింటి ఊరు, తాత ఆమెను భుజాన ఎక్కించుకుని మోకాటిలోతు ఉప్పునీళ్లలో నడిచి నడిచి, ఒకచోట ఆగి, 'అదో, ఆకాశం ఒడ్డు చూడు' అన్నాడు. నీళ్ల చివర గులాబీరంగు గీత. గీత కదిలింది. గీత లేచింది. పొడుగుకాళ్ల కొంగలు, వెయ్యో రెండువేలో, రెక్కలు విప్పేసరికి లోపల దాచుకున్న ఎరుపంతా ఒక్కసారిగా బయటపడి, ఎవరో చీరల మూట విదిలించినట్టయింది. ఆమె తాత జుట్టు పట్టుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తావే అంటే ఏం చెప్తుంది, నాలుగేళ్ల పిల్ల! అందం ఎక్కువైతే భయమేస్తుందని చెప్పడానికి మాటలేవి. ఆ తరవాత ఎన్ని చూసింది! తోక దగ్గర రంగు పూసుకున్న కొంగలు, చెరువులో నత్తగుల్లలు ఏరుకు తినేవి, పొద్దుగూకాక గుడగుడలాడే రాత్రికొంగలు. చదువు లేదు, సంతకం బదులు వేలిముద్ర, అయినా ఏ రెక్క ఎవరిదో చీకట్లో చప్పుడు విని చెప్తుంది. ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజున, బండి దిగకముందే గూడబాతును చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేల మీద నడిచే గూడబాతంత వికారం ఇంకోటి లేదు మరి, వడ్లబస్తాకు కాళ్లొచ్చినట్టు, ముక్కు కింద తోలుసంచి వేలాడేసుకుని, చుట్టమింటికి పిలవకుండా వచ్చిన పెద్దమనిషిలాగా అటూ ఇటూ చూస్తూ. అదే గాలిలోకి లేచిందా! రెక్క కదపదు. కదపకుండానే పోతుంది. అంత ఒళ్లూ ఎక్కడికి పోతుందో, బరువేమైపోతుందో, దేవుడే ఒక చేత్తో పట్టుకుని తోసినట్టు అట్లా జారిపోతుంది.

కూతురు చెంచులక్ష్మికీ అదే పిచ్చి. పిచ్చిని పాలతో పట్టింది తల్లి. అయిదేళ్లప్పుడు పావడా ఎత్తి సంచిలాగా పట్టుకుని, దాంట్లో చింతకాయలు పోసుకుని ఇల్లంతా తిరిగేది, 'నేను గూడబాతు, నేను గూడబాతు' అని. ఇదే బండ మీద కూర్చోబెట్టుకుంటే గుసగుసగా అడిగేది, కట్ట మీద గుసగుసే మాట్లాడాలని దానికి పుట్టుకతోనే తెలుసు.

'మా, దానికి గొంతు కింద సంచి ఎందుకుమా?'

'సంతకు పొయ్యి చేపలు తెచ్చుకునేదానికి.'

'మరి నీకేదిమా సంచి?'

'నాకు నీ నోరుండాది గదే. ఎంత తెచ్చినా దాంట్లోకే పాయె.'

నవ్వు రాకుండా రెండు చేతులతో నోరు మూసుకుని, ఆ చేతుల సందుల్లోంచి నవ్వేది. పిల్లపక్షి తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చి, మెడ దాకా దూర్చి మేత తీసుకోవడం మొదటిసారి చూసిన రోజున భయపడి, 'మింగేస్తాందిమా!' అని అరవబోయి, మళ్లీ తనే నోరు మూసుకుంది. మింగలేదులే చూడు అంటే చూసింది. తల బయటికొచ్చింది, పిల్ల బతికే ఉంది, ఇంకా కావాలని ముక్కు తెరిచింది. ఆ రోజు రాత్రి అన్నం తినేటప్పుడు తల్లి చేతిలో తల దూర్చబోయింది. ఇవన్నీ ఎందుకు గుర్తుకొస్తాయి, డబ్బా కొట్టడానికి వచ్చిన దానికి?

నిరుడు ఏడో నెలలో పిల్లను బోగోలు అత్తింటి నుంచి పురిటికి తీసుకొచ్చారు. బండి దిగుతూనే కట్ట వైపు చూసి, 'మా, అవీ నేనూ ఒకేపారి వచ్చినాం' అంది. పొట్ట మీద చెయ్యేసుకుని, గూడబాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడిచి చూపించి తండ్రి హజరత్తయ్యను నవ్వించింది. కూతురి ముందు ఆయన నవ్వడం అదే ఆఖరు. పుష్యమాసం, మధ్యాహ్నం, ఎండ తెల్లగా ఉంది. తెల్లవారుజామున మొదలైన నొప్పులు అప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. మంత్రసాని మాలకొండమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చి, ఈ ఊళ్లో సగంమంది బొడ్డు కోసిన మనిషి, మొహం పక్కకు తిప్పుకుని, 'బిడ్డ అడ్డం తిరిగుండాది శేషమ్మా. నా చేతిలో లేదు. పేట ఆస్పత్రికి తీస్కపోండి, ఆలిస్యం చెయ్యబాకండి' అంది. గూడుబండి కట్టారు. వరిగడ్డి పరిచి, పైన బొంత పరిచి పిల్లను పడుకోబెట్టారు. ఊరి చివర దారి రెండుగా చీలుతుంది, కుడికి చెరువుకట్ట, ఎడమకు కాలవగట్టు. కట్ట మీదైతే హైరోడ్డు కూతవేటు. అక్కడ హజరత్తయ్య పగ్గాలు బిగించాడు, ఎద్దులు ఆగాయి. ఆయన వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. ఆ చూపు. ఆయన అడగకుండా తోలి ఉంటే ఎంత బాగుండేది, మగవాడివి గదా, తండ్రివి గదా, అడిగేదేంది! అడిగాడు.

'ఏమే, కట్ట మీద పోదామా?'

కడపచెట్ల నిండా గూళ్లు. గూళ్ల నిండా ఈకలు రాని పిల్లలు, వంకాయ రంగులో, తలలు నిలపలేక ఊగుతూ. ఆమె వాటిని చూసింది. ఆ నిమిషంలో కూడా చూసింది. ఒళ్లో కూతురి తల ఉంది, చెమటకు తడిసి ముద్దయిన తల, దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఆమె చెట్ల వైపు చూసింది.

'వద్దయ్యా. పురిట్లో ఉండాయి. మన పిల్ల పురిటికి వాటి ఉసురు తగలగూడదు. చుట్టూ తిప్పు, ఎంతసేపు, అర్ధగంటే గదా.'

అర్ధగంటే గదా. ఆ మాట ఆమె నోటిదే. చుట్టుదారిలో బండి గతుకుల్లో పడినప్పుడల్లా పిల్ల మూలిగింది. పోనుపోను మూలగడం తగ్గింది. తగ్గితే నొప్పి తగ్గిందనుకుంది తల్లి, ఎంత తెలివి! కాలవ మలుపులో గూడుబండి వెనక కంతలోంచి ఆకాశం ముక్క కనిపించింది, ఆ ముక్కలో నాలుగు గూడబాతులు, ఒకదాని వెనక ఒకటి, రెక్క కదపకుండా, ఎండ రెక్కల కొసల్లోంచి కారుతుంటే. చెంచులక్ష్మి కండ్లు తెరిచి చూసింది. 'ఎంత బాగుండాయి మా' అంది. అంతే. మళ్లీ ఏమీ అనలేదు. పేటలో ఆస్పత్రి మెట్లెక్కేసరికి పిల్ల కాళ్లు చల్లబడ్డాయి. నర్సమ్మ ఎలిశబెతు మంచి మనిషి, ఎవరినీ ఒక మాట అనే మనిషి కాదు, శేషమ్మ వీపు నిమురుతూ, ఓదార్పుకని, నిజంగా ఓదార్పుకనే, 'ఒక్క అరగంట ముందొచ్చుంటే చూసుందుమమ్మా, తల్లినైనా దక్కించుకొనుంటిమి' అంది. అరగంట. లోకంలో ఇన్ని గంటలుండగా ఆ నర్సమ్మ నోటికి ఆ అరగంటే రావాలా!

పోనీ ఊరన్నా తిట్టి ఉంటే బాగుండేది. పొగిడింది. దినాలనాడు విస్తళ్ల ముందు కూర్చుని, 'శేషమ్మంటే శేషమ్మే, కూతురి పానం మీదికొచ్చినా ఆడపడుచుల్ని బెదరగొట్టలా' అన్నారు. ఇప్పటికీ పక్క ఊళ్లవాళ్లకు చెప్పుకుంటారు, కతలాగా. హజరత్తయ్య అయితే ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు. రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి, ఎద్దులకు గడ్డి వేస్తూనో చుట్ట వెలిగించుకుంటూనో, ఎవరూ అడగకుండానే, 'ఆ పొద్దు కట్ట మీద పొయ్యుంటే అన్నీ లేచిపోయుండేయి. పిల్లలన్నీ నీళ్లపాలు. మూడేళ్లు కరువు. మన పిల్ల పొయ్యింది గానీ ఊరు నిలిచింది' అంటాడు. అని ఆమె వైపు చూస్తాడు, చీలిక దగ్గర చూసినట్టే. ఊఁ అంటుంది ఆమె. ఊఁ అనకపోతే ఆయన ఆ రాత్రి పడుకోడు. ఫాల్గుణంలో గూళ్లలో పిల్లలకు రెక్కలొచ్చాయి. ఒక్కొక్కటే కొమ్మ చివరికి నడిచి, వణికి, పడబోయి, పడకుండా ఎగిరింది. వాకిట్లో నిలబడి చూసిన శేషమ్మకు, నా బిడ్డ ప్రాణం పోసుకుని ఎగురుతుండాయి గదే మీరు, అనిపించింది. అనిపించిన మరుక్షణమే, ఎంత బాగా ఎగిరింది అది, అని కూడా అనిపించింది. ఆ రెండో దానికే ఆమె తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనుకుంది. అందుకే ఈ డబ్బా. ఈ ఏడు అవి ఇక్కడ ఉండకూడదు. ఉంటే చూస్తుంది, చూస్తే బాగుంటాయి, బాగుంటే ఎట్లా బతకడం? పోతే కరువొస్తుంది, రానీ. పాలు ఎండుతాయి, ఎండనీ. ఎవరి పిల్లలకు? అక్కడ ఆలోచన ఆపేసింది.

తూర్పున ఏదో నలుసు. రెండు నలుసులు. కండ్లు చికిలించక్కర్లేదు, ఆమెకు తెలుసు. సముద్రం వైపు నుంచి, ఉప్పునీళ్ల మీదుగా, వరిమళ్ల మీదుగా, వాలుగా, తొందర లేకుండా. వాటికి ఎప్పుడూ తొందర లేదు. దగ్గరికొచ్చేకొద్దీ వరస తెలిసింది, ముందు ఒకటి రెక్క ఊపితే వెనకది ఊపుతుంది, దాని వెనకది ఊపుతుంది, అల పోయినట్టు చివరిదాకా పోయి ఆగుతుంది. తరవాత అన్నీ కలిసి ఊరకే జారుతాయి. చెరువు మీదికి రాగానే కాళ్లు ముందుకు చాచాయి. కొన్ని నీళ్ల మీద దిగి, నీటిని రెండుగా చీల్చుకుంటూ పడవల్లాగా ఆగాయి. కొన్ని కడపచెట్ల చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు. నెత్తి మీదుగా పోతుంటే రెక్కల గాలి వినిపించింది, కొత్త చాప విప్పినట్టు. ఒకటి చిటారుకొమ్మ మీద వాలింది. వేలంత కొమ్మ, మణుగు పక్షి, కొమ్మ వంగి వంగి నీటిని తాకబోయి ఆగింది. ఆ పక్షి రెక్కలు సగం విప్పి, బరువు సర్దుకుని, ఇంక ఇది నా ఇల్లు అన్నట్టు తల వెనక్కి తిప్పి, రొమ్ము మీద ఈక సరిచేసుకుంది. పొద్దు దాని మీద పడి, బూడిదరంగు ఈకల అడుగున ఉన్న లేత ఎరుపు, మూడోనెల చూలాలి చెంపలాగా, బయటికొచ్చింది. శేషమ్మ ఊపిరి బిగబట్టింది. బిగబట్టానని తెలిసింది. తెలిసి కోపమొచ్చింది. ఎంత బాగుండాయి మా. లేచి నిలబడి, డబ్బా ఎత్తి పట్టుకుని, కండ్లు మూసుకుని, కొట్టింది.

ఒకసారి, రెండుసార్లు, లెక్కలేకుండా. ఆ చప్పుడు చెరువంతా పరిగెత్తి అవతలి గట్టుకు కొట్టుకుని తిరిగొచ్చింది. బరికె విరిగింది, చేత్తో గుద్దింది. చెట్లన్నీ ఒక్క ఉదుటున లేచినట్టయింది, తెలుపు, బూడిద, నలుపు, కొంగలూ నీటికాకులూ గూడబాతులూ, ఆకాశం కనపడలేదు. కండ్లు తెరిచింది. తెరవకుండా ఉండలేకపోయింది. ఇరవై ఎనిమిదేళ్లలో అవన్నీ ఒక్కసారిగా లేవడం ఆమె ఎప్పుడూ చూడలేదు, ఎవరు లేపారు గనక! ఎర్రపొద్దు ముందు ఆ రెక్కలన్నీ గుండ్రంగా తిరుగుతుంటే, తాత భుజం మీద ఉన్న పిల్లలాగా గుడ్లప్పగించింది. డబ్బా చేతిలోంచి జారి, గట్టు వాలున దొర్లి, నీళ్ల అంచున ఆగింది. పోండి అంది. పోండమ్మా, పోండి, మళ్లీ రాబాకండి.

పోలేదు. ఒక చుట్టు తిరిగాయి, రెండు చుట్లు తిరిగాయి. మొదట వాలిన గూడబాతే మొదట దిగింది, అదే చిటారుకొమ్మ మీదికి. కొమ్మ మళ్లీ వంగింది. ఈకను విడిచిన చోటి నుంచే మళ్లీ సరిచేసుకోవడం మొదలుపెట్టింది. దాని పక్కన ఇంకొకటి. నీటికాకి తన మోడు మీదికొచ్చి రెక్కలు ఆరేసుకుంది. పిడికెడు అటుకులు నమిలినంత సేపట్లో చెట్లన్నీ నిండిపోయాయి. ఒక్కటి తక్కువ కాలేదు. గూడు లేదు వీటికి, గుడ్డు లేదు, పిల్ల లేదు, మొన్న వచ్చిన పక్షులు, పోవాలంటే లోకంలో ఇన్ని చెరువులున్నాయి. ఇంత డబ్బా మోతకే పోలేదు. మరి గూట్లో ఈకలు రాని పిల్లల్ని పెట్టుకున్న తల్లులు, ఒక్క బండికి, రెండెద్దుల బండికి, గంటలు విప్పేసి మెల్లగా తోలే బండికి... తల్లి ఎక్కడికి పోతుందే? బండి పోయిందాకా గాలిలో తిరిగి, మళ్లీ పిల్ల మీదికే దిగుతుంది గాని! ఇంత మాత్రం నీకు తెలియలేదా, ఏ రెక్క ఎవరిదో చీకట్లో చెప్పేదానివి! దొర పేల్చింది తుపాకీ. బండి కాదు. తుపాకీకీ బండికీ తేడా ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఒక్కరూ అడగలేదు, నువ్వూ అడగలేదు. అడగనిదానికి అర్ధగంట. చెంచూ, అంది నోట్లోనే. చెంచూ, ఊరకే తిప్పినానే నిన్ను. ఊరకే.

'శేషమ్మా! యాడుండావు? ఏందా మోత?'

పొద్దుగూకితే హజరత్తయ్యకు చూపు ఆనదు. కర్రతో గట్టును తడుముకుంటూ, అయినా పక్షులకని గొంతు తగ్గించి గసపోసుకుంటూ వస్తున్నాడు. ఎదురుపోయి చెయ్యి పట్టుకుంది.

'డబ్బా. చేలోనించి తెస్తా తెస్తా ఇక్కడ కూచున్యా. జారి గట్టు కింద దొర్లింది.'

'అయ్యో! పక్షులు?'

చెప్పేస్తే! లేచినయ్, తిరిగొచ్చినయ్, అంతే, దీనికేనయ్యా మనం, అనేస్తే! ఆయన మొహం ఆమె వైపు తిరిగి ఉంది, చీలిక దగ్గర తిరిగినట్టే, చూపు లేని కండ్లు, ఆమె ఏమంటే అది నమ్మడానికి తయారుగా. ఊరు నిలిచిందనే మాట ఒక్కటే ఆయన పట్టుకున్న కర్ర.

'అప్పటికింకా రాలేదులే. ఇప్పుడే దిగుతుండాయి. వచ్చుంటే ఇంకేముంది, అన్నీ లేచిపోయుండేయి.'

'లేచిపోవూ మరి!' ఆయన గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. 'అంత మోతకు నిలుస్తాయా! మంచిదైంది. ఎన్నుండాయే?'

'శానా.'

'బాగుండాయా?'

వెనక్కి తిరగలేదు. తిరగకపోయినా కనిపిస్తూనే ఉన్నాయి. 'బాగుండాయి' అంది.

ఆయన ఆమె చెయ్యి నొక్కి, చెవి దగ్గరికి వంగి, గుసగుసగా, 'పా. మెల్లింగా నడువు. లేస్తాయి' అన్నాడు.

శేషమ్మ కాలివేళ్లు పైకెత్తింది.